హెడ్ తలుపు గడియ మార్చే ముందు జేబులోంచి రెండు పెన్నీలు తీయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 1984 నాటి 27 అడుగుల సెయిల్ బోటు, అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ బేలోనే కట్టి ఉంచుతున్నారు. లోపల హెడ్ తలుపుకి, అంటే బోటు బాత్రూమ్ తలుపుకి, ఉన్న గుండ్రటి పిడి గడియ మెరీనాలో, అంటే బోట్లు కట్టి ఉంచే రేవులో, ఉన్నప్పుడు బాగానే పడుతుంది. తెరచాపలు ఎత్తి బోటు వాలగానే ఊడిపోయి తలుపు టపటపా కొట్టుకుంటుంది. ఇంకోసారి దానికి పూర్తిగా వ్యతిరేకం, బిగుసుకుపోయి రానే రాదు. జూలైలో మీ అత్తగారు పావుగంట సేపు లోపల ఉండిపోయారు. ఇళ్ల సామాన్ల దుకాణంలో కొన్న కొత్త గడియ తలుపులో పట్టలేదు. ఇప్పుడు ఏ గడియ కొనాలి, ఎలా బిగించాలి అని అడిగారు.

చెబుతాను. కానీ మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట ఒకటుంది: "ఒకసారి ఊడుతుంది, ఒకసారి బిగుస్తుంది." గడియ పాడైతే ఎప్పుడూ ఒకేలా ఏడిపిస్తుంది. రెండు రకాలుగా ఏడిపిస్తోందంటే తలుపో, ద్వారబంధమో, రెండూనో కదులుతున్నాయి. అది చూసుకోకుండా కొత్త గడియ వేస్తే వచ్చే వేసవికి మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు. నేను ఆ పని చేశాను కాబట్టి చెబుతున్నాను. నా మొదటి పాత బోటుకి రెండు సీజన్లలో రెండు గడియలు మార్చాను. మూడోదానికి బుద్ధి వచ్చింది.

ముందు ఒక్క ప్రశ్నకి జవాబు వెతకండి. తలుపు ఊడేది ఏ ట్యాక్‌లో, బిగుసుకునేది ఏ ట్యాక్‌లో? ట్యాక్ అంటే గాలి బోటుకి ఏ పక్క నుంచి వస్తోందో అది. గాలి ఎడమ నుంచి వస్తున్నప్పుడు ఒకలా, కుడి నుంచి వస్తున్నప్పుడు ఇంకోలా ఉంటే సగం జబ్బు తెలిసిపోయినట్టే. మన బోట్లలో చాలావాటికి హెడ్ తలుపు ఉండేది ప్రధాన అడ్డగోడలో, లేదా దానికి ఆనుకుని. మాస్ట్‌ని, అంటే తెరచాప కొయ్యని, పక్కల నుంచి పట్టుకుని ఉండే ష్రౌడ్ తీగల బరువంతా చెయిన్‌ప్లేట్ల (ఆ తీగల్ని బోటుకి బిగించే లోహపు పట్టీల) మీదుగా దిగేది కూడా చాలాసార్లు ఆ అడ్డగోడలోకే. గాలి పట్టినప్పుడు గాలివైపు తీగ ఆ గోడని పైకి లాగుతుంది, రెండో వైపు తీగ వదులవుతుంది. నలుచదరంగా ఉన్న ద్వారబంధం కొన్ని మిల్లీమీటర్లు పక్కకి ఒరుగుతుంది. ఇంట్లో గోడలు కదలవు కాబట్టి ఇంటి గడియకి మిల్లీమీటర్ సందు చాలు. బోటు గడియకి చాలదు.

దీన్ని కొలవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. అమెరికా పెన్నీ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు. రెండు కలిపి పట్టుకుంటే 3 మి.మీ. తలుపు మూసి, చుట్టూ సందులో ఆ రెండు పెన్నీలు జరుపుతూ రండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇదే పని మెరీనాలో ఒకసారి, బోటు 15, 20 డిగ్రీలు వాలి వెళుతున్నప్పుడు ఒక్కో ట్యాక్‌లో ఒకసారి చేయండి. చుక్కాని మరొకరి చేతిలో ఉండాలి, మీరు కింద ఉండాలి. మెరీనాలో చుట్టూ పెన్నీలు తిరిగి, బోటు వాలాక పై మూలలో ఆగిపోతే దొంగ దొరికినట్టే. ద్వారబంధం ఐమూలలు టేపుతో కొలిచినా అదే తెలుస్తుంది కానీ, ఊగే బోటులో టేపు రెండో కొస పట్టుకునేవాడు దొరకడు.

ఒక జాగ్రత్త. ఈ కొలతలేవీ బోటు ఒడ్డున స్టాండ్ల మీద ఉన్నప్పుడు తీయకండి. నీళ్లలో బరువు అడుగంతా సమానంగా పడుతుంది. స్టాండ్ల మీద ఉన్నప్పుడు అడుగునున్న కీల్ అనే బరువైన రెక్క మీదా, నాలుగైదు ప్యాడ్ల మీదా పడుతుంది, దాంతో బోటు ఒళ్లు కొంచెం వంకర పోతుంది. నీళ్లలో చక్కగా మూసుకునే తలుపు ఒడ్డున పట్టేస్తుంది. శీతాకాలంలో ఖాళీ దొరికింది కదా అని జనవరిలో చిత్రిక పట్టి, ఏప్రిల్‌లో నీళ్లలో దించాక వేలెడంత సందు చూసి తల పట్టుకున్నవాళ్లని చూశాను.

ట్యాక్‌తో సంబంధం లేకుండా తలుపు పై అంచు ఎప్పుడూ పట్టేస్తూ, ఏటికేడు ఎక్కువవుతుంటే అది వేరే కథ, కొంచెం ఖరీదైన కథ. మీ బోటు మాస్ట్ డెక్ మీద నిలబడే రకం అయితే దాని భారం కింద ఒక స్తంభమో అడ్డగోడో మోస్తుంటుంది. ఆ స్తంభం పాదం దగ్గరి కర్ర బిల్జ్ (బోటు అట్టడుగు గుంట) నీళ్లలో నాని కుళ్లితే స్తంభం దిగుతుంది, దాంతో డెక్ దిగుతుంది, తలుపు పై కమ్మీ వచ్చి తలుపు నెత్తిన కూర్చుంటుంది. ష్రౌడ్ తీగల్ని బిగించే మరలు, అంటే టర్న్‌బకిల్స్, ఎన్ని చుట్లు తిప్పుతున్నారో రాసుకుంటూ, రెండు వైపులా సమానంగా, కొద్దిగా మాత్రమే వదులు చేసి చూడండి. తలుపు ఊపిరి పీల్చుకున్నట్టు వదులైతే గడియ సంగతి పక్కన పెట్టి ఆ పాదం చూడండి. చెయిన్‌ప్లేట్ దగ్గర డెక్ కారుతూ అడ్డగోడ మెత్తబడటం కూడా పాత బోట్లలో మామూలే. స్క్రూడ్రైవర్ పిడితో గోడ మీద తడుతూ వెళ్లండి, కొబ్బరికాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా అలా. గట్టి ప్లైవుడ్ టంగుమంటుంది, కుళ్లినది బద్దుమంటుంది. బద్దుమన్నచోట గడియలూ బందులూ ఏమీ బిగించలేం.

ఇవేవీ లేవనుకుందాం. చాలాసార్లు ఉండవు కూడా. అప్పుడు చూడాల్సింది బందులు. తలుపు సగం తెరిచి, పిడి పట్టుకుని పైకి ఎత్తండి. టక్కుమని కదిలితే పై బందు స్క్రూలు పట్టు వదిలేశాయి. ఆ తలుపు 19 మి.మీ. ప్లైవుడ్, 20 అంగుళాల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ఉంటే బరువు తొమ్మిది కిలోల దాకా ఉంటుంది. నలభై ఏళ్లుగా రెండు బందుల మీద ఊగుతోంది. స్క్రూ రంధ్రం పెద్దదైతే ఇంకా లావు స్క్రూ దూర్చడం తాత్కాలికమే. నేను చేసేది ఇది: రంధ్రంలోకి ఇయర్‌బడ్‌తో పల్చటి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) తాగించి, ఎపాక్సీలో ముంచిన వెదురు పుల్లలు పట్టినన్ని కూరి, మర్నాడు అంచుకి సమంగా కోసేసి, మళ్లీ సన్న రంధ్రం వేసి పాత సైజు స్క్రూనే బిగిస్తాను. అగరబత్తి కాలిపోయాక మిగిలే పుల్ల దీనికి భలే సరిపోతుంది. మా బోటులో దేవుడి దగ్గర మిగిలే పుల్లలన్నీ ఒక డబ్బాలోకి వెళతాయి. మా ఆవిడకి ఇది నచ్చదు.

బందులు బిగించాక గడియ నాలుక ఎక్కడ తగులుతోందో చూడండి. ఇక్కడివాళ్లు లిప్‌స్టిక్ పూయమంటారు. నాకు కాటుక మేలనిపించింది, పల్చగా అంటుతుంది, గుర్తు స్పష్టంగా పడుతుంది. నాలుక కొసకి రాసి, పిడి తిప్పి పట్టుకుని తలుపు మూసి, వదిలేసి, మళ్లీ తెరవండి. ద్వారబంధానికున్న స్ట్రైక్ ప్లేటు (నాలుక దూరే రంధ్రమున్న రేకు) మీద మచ్చ పడుతుంది. మచ్చ రంధ్రం కింది అంచు మీద పడితే తలుపు జారింది. ముందు అంచు మీద పడితే తలుపు పూర్తిగా లోపలికి వెళ్లడం లేదు. గడియ పడకుండా, మచ్చ కూడా అసలు లేకపోతే నాలుక అక్కడిదాకా రావడం లేదు, లోపల స్ప్రింగ్ చచ్చి ఉండొచ్చు. మొదటి రెండిటికీ కొత్త గడియ అక్కర్లేదు, ఆకురాయితో ప్లేటు రంధ్రాన్ని రెండు మిల్లీమీటర్లు సాగదీస్తే చాలు. అరగంట పని.

మీ విషయంలో మాత్రం గడియ కూడా పోయిందనే అనుకుంటున్నాను, అత్తగారి సంఘటన వల్ల. "పిడి గిర్రున తిరుగుతోంది కానీ తలుపు రాలేదు" అని రాశారు. ఆ కాలపు బోట్లలో చాలావాటికి వేసినవి జింక్ మిశ్రమం పోతపోసి, పైన క్రోమ్ పూత వేసినవి. లోపల చతురస్రపు కడ్డీ తిరిగితే దాని చెవి నాలుకని వెనక్కి లాగుతుంది. ఉప్పుగాలికి ఆ మిశ్రమం తెల్లటి పొడిగా మారుతూ పెళుసెక్కుతుంది, ఒకరోజు ఆ చెవి విరుగుతుంది. పిడి తిరుగుతూనే ఉంటుంది, నాలుక మాత్రం కదలదు. పైకి మెరుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పిడి మెడ దగ్గర పొక్కులూ తెల్లపొడీ కనిపిస్తే దాన్ని నమ్మకండి.

మా నాన్నగారు కూడా ఇలాగే ఇరుక్కున్నారు. కాకినాడ నుంచి మొదటిసారి వచ్చారు, అనాపోలిస్‌కి దక్షిణాన రోడ్ రివర్‌లో లంగరు వేసి ఉన్నాం. పొద్దున్నే హెడ్‌లోకి వెళ్లారు, ఎంతకీ రారు. తలుపు తట్టి చూస్తే "పిడి తిరుగుతోంది గానీ గడియ రావట్లేదురా" అన్నారు, చాలా శాంతంగా. నాకు టెన్షన్. బయట నుంచి నేను కార్డు దూర్చి చూశాను, తలుపు ఆనే కమ్మీ అడ్డం. ఆయన రిటైరవక ముందు లైన్‌మెన్‌ల మీద సూపర్‌వైజర్, నా డైరెక్షన్లు కాసేపు విని "నువ్వు కాస్త మాట్లాడకుండా ఉండు, పైనుంచి స్క్రూడ్రైవరూ నోస్‌ప్లయరూ అందించు" అన్నారు. డెక్ మీదున్న చిన్న హ్యాచ్‌లోంచి, అంటే మూత ఉన్న కంతలోంచి, దారం కట్టి దింపాను. పిడి కింది బిళ్ల విప్పి, ముక్కు ప్లయర్‌తో నాలుకని పట్టి లాగి, పది నిమిషాల్లో బయటికి వచ్చి, విరిగిన చెవి నా చేతిలో పెట్టారు. వేలితో నొక్కితే బిస్కట్‌లా పొడైంది. "మా వైపు నావలకి తలుపులుండవు, ఈ గొడవా ఉండదు" అని కాఫీ అడిగారు. నేను హుసేన్ సాగర్‌లో చిన్న లేజర్ పడవల మీద నేర్చుకున్నవాణ్ణి, వాటికీ తలుపుల్లేవు. నిజమే, ఈ జ్ఞానమంతా గదులున్న బోటు కొన్నాక వచ్చిందే.

ఆ రోజు నుంచి నా బోటులో హెడ్ లోపల, చెయ్యందే ఎత్తులో, ఒక పొట్టి స్క్రూడ్రైవర్ తాడుతో వేలాడుతూ ఉంటుంది. మీరు గడియ ఎప్పుడు మార్చినా సరే, స్క్రూడ్రైవర్ మాత్రం ఈ శనివారమే కట్టండి.

ఇక ఏం కొనాలి. మీరు తెచ్చిన ఇంటి గడియ ఎందుకు పట్టలేదంటే, అది 35 నుంచి 44 మి.మీ. మందం ఉన్న తలుపు కోసం చేసినది. దాని నాలుక గొట్టానికి తలుపు అంచులో 25 మి.మీ. రంధ్రం వేయాలి. మీ తలుపు మందమే 19 ఉంటే 25 రంధ్రం ఎక్కడ వేస్తారు? తిరిగి ఇచ్చేయండి. బోటు సామాన్లలో మీకు కనిపించేవి ఇవి:

అయస్కాంతం గడియలు, బంతి గడియలు, రోలర్ గడియలు. హెడ్ తలుపుకి వద్దు. అల వచ్చి కొట్టినప్పుడు తొమ్మిది కిలోల తలుపుని అవి ఆపలేవు. అయస్కాంతం కంపాస్‌కి గానీ ఆటోపైలట్ సెన్సర్‌కి గానీ దగ్గరగా ఉంటే అదో కొత్త తలనొప్పి.

నొక్కితే పిడి బయటికి వచ్చే పుష్‌బటన్ రకం. సౌత్‌కో లాంటివాళ్లవి చూడటానికి చాలా నీట్‌గా ఉంటాయి, సన్నటి పలకల కోసమే చేస్తారు. బీరువా తలుపులకి, సొరుగులకి ఇవే వేయండి. పాత బోట్లలో వేలు దూర్చి లోపల కొక్కెం లాగే రంధ్రాలుంటాయి చూడండి, బోటు ఊగినప్పుడు వేలు అందులో ఉంటే విరుగుతుంది, వాటి బదులు ఈ బటన్లు హాయి. కానీ హెడ్ తలుపుకి నాకు నచ్చవు. చీకట్లో, తడి చేత్తో, పెద్దవాళ్లకి ఆ బటన్ ఎటు నొక్కాలో తెలియదు.

మిగిలినవి రెండు. తలుపు మందంలోకి దూరే సన్నటి మార్టైజ్ గడియ, తలుపు మీద పైపైన కూర్చునే రిమ్ గడియ. పెర్కో, సీ-డాగ్ లాంటి మెరైన్ కంపెనీల కేటలాగుల్లో ముందు ఈ రెండు రకాలే వెతకండి. మార్టైజ్ అందంగా ఉంటుంది. అయితే 19 మి.మీ. ప్లైవుడ్‌లో దాని కోసం గూడు తొలిస్తే రెండు వైపులా మూడు నాలుగు మిల్లీమీటర్ల పొర మిగులుతుంది, ఎవరైనా తడబడి తలుపు మీద పడితే అక్కడే పగులుతుంది. మీ తలుపుకి పాత గడియ పెట్టిన పెద్ద రంధ్రం ఎటూ ఉంది. నా ఓటు రిమ్ గడియకే, ఇత్తడి లేదా కంచు పోతది, పైన క్రోమ్ ఉన్నా ఫరవాలేదు.

దుకాణానికి వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి. ఇత్తడి అని రాసి ఉన్నదానికి అంటుకుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుము. స్టెయిన్‌లెస్ స్క్రూలకి గట్టిగా అంటుకుంటే అవి 304, 316 అనే మంచి రకాల స్టెయిన్‌లెస్ కావు, తుప్పు పడతాయి. లోపలి స్ప్రింగ్‌కి కూడా చూపించండి, చాలామంది మోసపోయేది అక్కడే. పైన బంగారంలాంటి కంచు, లోపల మామూలు ఉక్కు స్ప్రింగ్. జింక్ పోతని మాత్రం అయస్కాంతం పట్టించదు, చేతిలో బరువు చూసి, పూత లేని లోపలి వైపు రంగు చూసి తెలుసుకోవాలి. ఇత్తడైతే పసుపు, జింక్ అయితే బూడిద. పాత ఇత్తడి స్క్రూ విప్పినప్పుడు గులాబీ రంగులో ఉంటే దాంట్లో జింక్ ఉప్పుకి కరిగిపోయి రాగి మాత్రమే మిగిలింది, మళ్లీ బిగిస్తే తల విరిగి చేతికొస్తుంది.

పిడి ఆకారం మీద కూడా ఒక మాట. పొడవాటి లివర్ పిడి ఇరుకు దారిలో లైఫ్‌జాకెట్ పట్టీకి తగులుకుని తలుపు తెరిచేస్తుంది. నున్నటి గుండ్రటి పిడి తడి చేత్తో తిరగదు. కొస లోపలికి వంగిన పొట్టి లివర్ దొరికితే తీసుకోండి. కొనేముందు మూడు కొలతలు రాసుకోండి: తలుపు మందం, తలుపు అంచు నుంచి పిడి మధ్యకి దూరం, తలుపు ఏ వైపుకి తెరుచుకుంటుంది. మూడోది మరిచిపోయి ఎడమచేతి గడియ తెచ్చుకోవడం అందరం చేసే పనే.

బిగించే పని. పాత స్క్రూలు రాకపోతే బలం వాడకండి. సోల్డరింగ్ ఐరన్ కొసని స్క్రూ తల మీద రెండు నిమిషాలు ఆనించి వేడి చేసి, చల్లారాక తలకి సరిగ్గా సరిపోయే బిట్‌తో ముందు కాస్త బిగించే దిక్కుకి, తర్వాత విప్పే దిక్కుకి తిప్పండి. చాలావరకు వస్తాయి.

పాత రంధ్రం పూడ్చి రంగు కలిపి కనిపించకుండా చేయాలని చూడకండి. టేకు వెనీర్ (ప్లైవుడ్ మీది పల్చటి టేకు పొర) మీద లప్పం ఎప్పుడూ లప్పంలాగే కనిపిస్తుంది. దానికంటే 6 మి.మీ. టేకు పలకలు రెండు కోసి, అంచులు గుండ్రంగా అరగదీసి, తలుపుకి ఇటొకటి అటొకటి పెట్టండి. పాత గాయం కప్పుకుపోతుంది, ఆ చోట తలుపు 31 మి.మీ. మందం అవుతుంది, గడియకి గట్టి పునాది దొరుకుతుంది. పలక అంచు తలుపు ఆనే కమ్మీకి తగలకుండా అంత లోపలికి జరపాలి. రెండు వైపులా పలకలు పట్టుకుని పిడి, గడియ అన్నీ ఆర్పార్ వెళ్లే బోల్టులతో, వెనక గుండ్రటి తల నట్లతో బిగించాలి. ప్లైవుడ్‌లోకి చెక్క స్క్రూలు వేస్తే తలుపు కొట్టుకున్న ప్రతిసారీ కాస్త కాస్త వదులవుతాయి. నిలకడ బరువు గడియకి పెద్ద లెక్క కాదు. బోటు 20 డిగ్రీలు వాలితే ఆ తలుపు పక్కకి తోసేది మూడు కిలోలే, అందులో సగం బందులు మోస్తాయి. స్క్రూలని పీకేది అల కొట్టినప్పుడు పడే దెబ్బ.

రంధ్రాలు వేసే ముందు అట్టముక్క మీద నమూనా గీసి, తలుపుకి అంటించి, మూసి తెరిచి చూసుకోండి. డ్రిల్ బిట్ ముక్కు అవతల కనిపించగానే ఆపి, రెండో వైపు నుంచి పూర్తి చేయండి, లేకపోతే వెనీర్ చీలుతుంది. రంధ్రం వేశాక పని అయిపోలేదు. బోల్టు రంధ్రాల్ని కావాల్సినదానికంటే పెద్దగా వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో అసలు సైజు రంధ్రం వేయండి. నీళ్లు ఎప్పుడు దూరినా ప్లైవుడ్ పొరలకి తగలవు. తలుపు కింది అంచుకి కూడా ఇదే సమయంలో రెండు పూతలు ఇవ్వండి. షవర్ నీళ్లన్నీ తాగేది ఆ అంచే, ఎవరూ వంగి చూడని అంచు కూడా అదే.

ఎపాక్సీ మొదటిసారి కలుపుతుంటే ఒక పొరపాటు జరగకుండా చూసుకోండి. వెస్ట్ సిస్టమ్ 105 రెజిన్‌కి 205 హార్డెనర్ నిష్పత్తి ఐదుకి ఒకటి. వాళ్ల పంపులు ఆ నిష్పత్తిలోనే చేసి ఉంటాయి, అంటే రెజిన్ ఒక నొక్కు, హార్డెనర్ ఒక నొక్కు. సీసా మీద ఐదుకి ఒకటి అని చదివి రెజిన్ ఐదు నొక్కులు నొక్కిన మిత్రుడి తలుపు నెల తర్వాత కూడా జిగటగానే ఉంది, అంతా గీకి తీయాల్సి వచ్చింది. ఎండాకాలం కప్పులో ఎక్కువ కలిపితే పది నిమిషాల్లో పొగలు కక్కుతుంది, కొద్దికొద్దిగా కలపండి. గట్టిపడ్డాక పైన జిడ్డు పొర ఉంటుంది, ఇసుక కాగితం పెట్టే ముందు నీళ్లతో కడగండి.

చివరగా స్ట్రైక్ ప్లేటు. అందరూ తొందరపడేది ఇక్కడే. గడియ బిగించిన సంతోషంలో మెరీనాలోనే ప్లేటు పెట్టి నాలుగు స్క్రూలూ బిగించేస్తారు. అలా చేయకండి. కాటుక గుర్తు చూసి ప్లేటుని ఒక్క పొట్టి స్క్రూతో, పొడవాటి గాడి మధ్యలో తాత్కాలికంగా పెట్టండి. ఒక రోజు బయటికి వెళ్లి రెండు ట్యాక్‌ల్లోనూ తలుపు మూసి తెరిచి చూడండి. నాలుక రెండిట్లోనూ రంధ్రంలోకి దిగే మధ్యస్థానం దొరికాక పెన్సిల్‌తో గీసి, మెరీనాకి వచ్చాక శాశ్వతంగా బిగించండి. రంధ్రంలో నాలుకకి పైనా కిందా రెండేసి మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. ఖాళీ ఉంటే తలుపు గలగలలాడుతుంది కదా అంటారు, అందుకే ద్వారబంధం కమ్మీకి నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరు పట్టీ అతికించండి. మూసినప్పుడు అది కాస్త నలిగి తలుపుని గడియ మీదకి తోసి పట్టుకుంటుంది. చప్పుడు పోతుంది, ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది.

లోపలి వైపు చాటుకోసం గడియ కావాలని ఇంట్లోవాళ్లు అడుగుతారు. టవర్ బోల్ట్ వేయకండి, లోపలివాళ్లు జారిపడి స్పృహ తప్పితే బయటి నుంచి తెరవలేం. చిన్న ఇత్తడి కొక్కెం, అరంగుళం స్క్రూలతో. భుజంతో గట్టిగా తోస్తే ఊడిరావాలి. బోటు మొత్తంలో బలహీనంగా ఉండాల్సిన గడియ అదొక్కటే. తెరిచిన తలుపుని పట్టి ఉంచడానికి మాత్రం గట్టి కొక్కెం వేయండి. మూసిన తలుపు కంటే ఊగే తలుపు వేళ్లని ఎక్కువ నలిపింది, పిల్లలుంటే మరీను.

నూనె గురించి ఎలాగూ అడుగుతారు. గ్రాఫైట్ పొడి ఇంటి తాళాలకి సరే, ఉప్పుతేమ ఉన్నచోట అది పక్కనున్న లోహాన్ని తినేలా చేస్తుంది. డబ్ల్యూడీ-40 పట్టేసిన స్క్రూలకి పనికొస్తుంది కానీ గడియలో ఉన్న గ్రీజుని కడిగేసి, తర్వాత అదీ ఎగిరిపోతుంది. కొబ్బరినూనె వాడేవాళ్లు మనలో ఉన్నారు, అక్టోబర్ చలికి గడ్డకట్టి గడియని పట్టేస్తుంది. పొడి టెఫ్లాన్ స్ప్రే ఏడాదికి రెండుసార్లు చాలు.

పని మొత్తం రెండు వారాంతాలు పడుతుంది, మధ్యలో ఒక రోజు సెయిలింగ్‌తో కలిపి. పెన్నీలు ఏ ట్యాక్‌లో ఎక్కడ ఆగాయో, తలుపు మందం ఎంతో ఇక్కడ రాయండి. ద్వారబంధం పై కమ్మీ దగ్గర ఆగిందని రాస్తే మాత్రం గడియ ఆర్డర్ పెట్టకండి, ముందు ఫ్లోర్‌బోర్డు ఎత్తి ఆ స్తంభం పాదం ఫొటో పెట్టండి.